డిఫాల్ట్ ఎవరి భాషలో ఉంది?

సాహిత్యం మాట్లాడుకునే చోట సాఫ్ట్‌వేర్ ప్రస్తావన తెస్తే మన దగ్గర ఒక రకం చిరునవ్వు ఎదురవుతుంది. రాసేవాడికి తెల్లకాగితం, పెన్ను చాలు, సాధనం గురించి మాట్లాడుతున్నాడంటే వీడికి రాయడానికేమీ లేనట్టే అని ఆ నవ్వుకి అర్థం. "నాకీ కంప్యూటర్ గొడవలు తెలీవండీ, ఏదో టైపు చేసి పంపిస్తాను" అనడంలో వినయంతో పాటు కాస్త గర్వం కూడా ధ్వనిస్తుంది. ఈ వ్యాసం ఆ గర్వానికి వ్యతిరేకంగా రాస్తున్నాను. సాధనాన్ని పట్టించుకోకపోవడం సుగుణమేమీ కాదనీ, దానికి మూల్యం చెల్లిస్తున్నది చివరికి తెలుగు వాక్యమేననీ నా వాదన.

వాదన గాల్లో తేలిపోకుండా ఒకే ఒక్క సాధనాన్ని పట్టుకుని మాట్లాడతాను. దాని పేరు ఆర్గ్ మోడ్. ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ లోపల పనిచేస్తుంది. ఈమాక్స్ పుట్టింది 1976లో. రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని గ్నూ ఈమాక్స్‌గా మళ్ళీ రాసి విడుదల చేసింది 1985లో. నెదర్లాండ్స్‌లో పనిచేసే కార్‌స్టన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త, తన నోట్సూ తను చేయాల్సిన పనులూ ఒకే చోట ఉండాలని 2003లో ఆర్గ్ మోడ్ మొదలుపెట్టాడు. ఇప్పుడది ఈమాక్స్‌తో పాటే వస్తుంది. ఉచితం. కోడ్ మొత్తం మన ముందే ఉంటుంది.

దాని పద్ధతి చాలా సాదాసీదా. వరుస మొదట్లో ఒక నక్షత్రం గుర్తు పెడితే అది శీర్షిక. రెండు పెడితే ఉపశీర్షిక. నక్షత్రం తర్వాత వచ్చే మాట ఆ పని ఏ దశలో ఉందో చెప్తుంది. వరుస చివర రెండు చుక్కల జంటల మధ్య ఉన్నది ట్యాగు. ఇలా:

* నానుతోంది కొత్త కథాసంపుటి మీద సమీక్ష :పత్రిక:
** చేయాలి మూడో కథ మళ్ళీ చదవడం
** అయింది ముందుమాట మీద నోట్సు

అంతే. ఈ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచినా ఇలాగే కనిపిస్తుంది. ఆర్గ్ మోడ్ రేపు మాయమైపోయినా ఇందులో ఒక్క అక్షరం పోదు. అది ఉన్నంతకాలం మాత్రం, ఇలాంటి ఫైళ్ళు ఎన్ని ఉన్నా అన్నిటినీ వెతికి, ఈ వారం గడువు ఉన్న పనులేవో, ఏ ట్యాగు కింద ఏమున్నాయో ఒక్క పేజీలో పేర్చి చూపిస్తుంది.

పై ఉదాహరణలో ‘నానుతోంది’ అన్న మాట చూడండి. ఆర్గ్ మోడ్ తనంతట తాను ఇచ్చేవి ఇంగ్లీషులో రెండే దశలు: ఒకటి చేయాల్సింది, రెండోది అయిపోయింది. కానీ పుస్తక సమీక్ష రాసేవాళ్ళకి తెలుసు, చదవడానికీ రాయడానికీ మధ్య ఒక దశ ఉంటుంది. పుస్తకం మూసేశాం, అభిప్రాయం ఇంకా తేలలేదు, రోజూ దాని గురించి ఏదో ఒక ఆలోచన వస్తుంది. ఆ దశకి పేరు పెట్టుకునే వీలు నేను చూసిన ఏ యాప్‌లోనూ రెడీమేడ్‌గా లేదు. ఆర్గ్ మోడ్‌లో సెట్టింగుల ఫైలులో ఒక్క వరుస రాస్తే సరిపోతుంది: చదవాలి, నానుతోంది, రాస్తున్నా, పంపాను, వచ్చింది, వదిలేశా. ఇందులో చివరి రెండూ ముగిసిపోయిన దశలు, మిగతావి నడుస్తున్నవి అని ఒక నిలువు గీత పెట్టి చెప్పాలి. ఇక ఎప్పుడు అడిగినా, నానుతున్న పుస్తకాలు ఎన్నో జాబితా వస్తుంది. కస్టమైజేషన్ అంటే రంగులు మార్చుకోవడమే అనుకునేవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగాలి. మన పని ఏయే దశల్లో జరుగుతుందో మన మాటల్లో మనం నిర్ణయించుకోవడం అలంకారం కిందికి రాదు.

"ఫోన్లో నోట్స్ యాప్ ఉందిగా, అది చాలదా?" అంటారు. ఆ యాప్‌లో ఉన్నది ఎవరి దగ్గర ఉన్నట్టు? వండర్‌లిస్ట్ అనే పనుల జాబితా యాప్‌ని 2015లో మైక్రోసాఫ్ట్ కొని, 2020 మే 6న మూసేసింది. ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచితంగా వాడేవాళ్ళని 50 నోట్లకీ, ఒక్క నోట్‌బుక్‌కీ పరిమితం చేసింది. పాతవి పోలేదు, కానీ కొత్తది రాయాలంటే పాతది చెరపాలి, లేదా డబ్బు కట్టాలి. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న పూర్తిగా మూతపడింది. రచ్చబండ లాంటి తెలుగు సాహిత్య చర్చా గుంపులు ఏళ్ళ తరబడి నడిచింది అక్కడే. ఈ కంపెనీలు దుర్మార్గమైనవని నేననడం లేదు. వ్యాపారం గిట్టుబాటు కాకపోతే దుకాణం కట్టేస్తారు. మన రాతల్ని ఆ దుకాణం గోడల్లో కట్టి పెట్టడం ఎందుకన్నదే ప్రశ్న.

తెలుగువాళ్ళకి ఈ పాఠం ఇంకెవరో చెప్పక్కర్లేదు. మన సొంత చరిత్రలోనే రెండు దారులున్నాయి. మొదటిది ఆర్‌టీఎస్. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్ళు తయారుచేసిన లిప్యంతరీకరణ పద్ధతి అది. తెలుగు ఫాంటు లేని రోజుల్లో, మామూలు కీబోర్డు మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగుని ఒక కచ్చితమైన నియమంతో రాసేవారు. చిన్న బడి అక్షరానికి ఒక ధ్వని, పెద్ద బడి అక్షరానికి ఇంకో ధ్వని. చూడ్డానికి వికారంగా ఉండేది. కానీ అది సాదా టెక్స్ట్, నియమం బహిరంగం. అందుకే అప్పుడు అలా రాసిన పద్యాన్ని ఇవాళ లేఖిని లాంటి పరికరంలో పడేస్తే చక్కటి తెలుగులో బయటికొస్తుంది.

రెండో దారి డీటీపీ ఫాంట్లది. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు - అక్షరాన్ని ముక్కలుగా కోసి, ఆ ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీద కూర్చోబెట్టారు. కాగితం మీద అచ్చు అద్భుతంగా వచ్చేది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకి చోటు దొరికినా, ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా మన పుస్తకాలు ఎక్కువగా ఆ ఫాంట్లలోనే తయారయ్యాయి. ఇప్పుడు ఆ ఫైలు తెరిస్తే, ఆ ఫాంటు లేకపోతే, కనిపించేది బూతుల్లా ఉండే చిహ్నాల వరుస. వెతకడం కుదరదు. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వత్తులూ దీర్ఘాలూ తారుమారైన చోట మనిషి కూర్చుని దిద్దాలి. తన పాత కథల సంపుటిని ఈ-బుక్ చేద్దామని డీటీపీ సెంటర్ నుంచి ఫైళ్ళు తెచ్చుకున్న రచయిత ఎవరినైనా అడగండి. చాలామంది చివరికి మొత్తం మళ్ళీ టైపు చేయించుకున్నారు. అందంగా కనిపించింది ఇరుక్కుపోయింది, వికారంగా కనిపించింది బతికింది. తేడా అంతా, లోపల ఏముందో యజమాని చూడగలడా లేదా అన్నదే.

కాబట్టి సాదా టెక్స్ట్, యూనికోడ్. ఇంతవరకూ చాలామంది ఒప్పుకుంటారు. తగాదా ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. ఎందుకంటే సాదా టెక్స్ట్ సాధనం కూడా తెలుగులో వాడేసరికి మొరాయిస్తుంది. ఆ మొరాయింపుల్ని వరసగా చూడండి.

మొదటిది. ఆర్గ్ మోడ్‌లో ఒక మాట బొద్దుగా రావాలంటే దానికి అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెట్టాలి. *పుస్తకం* అంటే పని చేస్తుంది. *పుస్తకం*లో అంటే పని చేయదు. బొద్దుగా మారకపోగా నక్షత్రాలు అలాగే కనిపిస్తాయి. కారణం ఏమిటంటే, మూసే గుర్తు తర్వాత ఖాళీ గానీ, కామా, ఫుల్‌స్టాప్ లాంటి విరామ చిహ్నం గానీ ఉండాలని నియమం. ఇంగ్లీషులో అది సబబే. అక్కడ ‘లో’ అన్నది విడి మాట, పైగా ముందొస్తుంది. మనకి విభక్తి మాటకి అతుక్కుని వెనకొస్తుంది. ఒక నవల పేరు వాలు అక్షరాల్లో పెట్టి పక్కన ‘లో’, ‘కి’, ‘ని’ చేర్చకుండా తెలుగులో ఒక్క పేరా సమీక్ష రాయగలరా? అంటే తెలుగు వ్యాకరణం పుట్టుకతోనే ఈ నియమానికి విరుద్ధం.

దీనికి మందు ఉంది. మూసే నక్షత్రం తర్వాత వెడల్పు లేని ఖాళీ అనే అదృశ్య అక్షరాన్ని చేర్చాలి. ఆర్గ్ మోడ్ మాన్యువల్ కూడా ఈ ఉపాయమే చెప్తుంది. అయితే ఆ అదృశ్య అక్షరం ఎగుమతి చేసిన ఫైలులోకి కూడా వెళ్తుంది. అప్పుడు ‘పుస్తకంలో’ అని వెతికితే ఆ చోటు దొరకదు. కాబట్టి ఎగుమతి చివర్లో దాన్ని ఏరిపారేసే నాలుగైదు వరుసల ఫంక్షన్ ఒకటి రాసుకోవాలి. నేను రాసుకున్నాను. ఒక కీ నొక్కితే చేరుతుంది, ఎగుమతిలో పోతుంది.

రెండోది. ఒక పనికి :వెబ్‌పత్రిక: అని ట్యాగు పెట్టండి. కంటికి అంతా సరిగ్గా ఉంటుంది. ట్యాగుతో వెతికితే ఆ పని రాదు. ఫైలు తెరిచి చూస్తే ట్యాగు అక్కడే ఉంటుంది, మళ్ళీ వెతికితే మళ్ళీ రాదు. ‘బ్’ కీ ‘ప’ కీ మధ్య కర్సర్ పెట్టి, ఇక్కడ ఉన్నది ఏ అక్షరం అని ఈమాక్స్‌నే అడిగితే గుట్టు బయటపడుతుంది. ‘బ్’ కింద ‘ప’ వత్తు పడకుండా ఆపడానికి తెలుగు టైపింగ్‌లో ఒక అదృశ్య అక్షరం వాడతాం. దాన్ని వెడల్పు లేని విడదీసే గుర్తు అనొచ్చు. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, నాన్‌స్టాప్ - ఇలా పొల్లు నిలబడాల్సిన ప్రతిచోటా అది ఉంటుంది. ఆర్గ్ మోడ్ దృష్టిలో ట్యాగులో ఉండదగినవి అక్షరాలు, అంకెలు, మరో నాలుగు గుర్తులు మాత్రమే. యూనికోడ్ లెక్కలో ఈ విడదీసే గుర్తు అక్షరం కాదు, అంకె కాదు. కాబట్టి ఆ ట్యాగు ట్యాగే కాదు. మందు: :వెబ్_పత్రిక: అని కింది గీతతో రాయడం. కింది గీత అనుమతి ఉన్న గుర్తు.

గమనించారా? ఒక అదృశ్య అక్షరం మొదటి సమస్యని తీర్చింది, దాని చుట్టం రెండో సమస్యని తెచ్చిపెట్టింది. ఇదే గుర్తు మామూలు వెతుకులాటని కూడా చెడగొడుతుంది. ఒకరు దాన్ని పెట్టి రాస్తారు, ఒకరు పెట్టకుండా రాస్తారు, కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు మాటలు. పొల్లు తర్వాత ఆ గుర్తు ఉన్నా లేకపోయినా సరే అని వెతికే నమూనాలో చెప్పుకోవాలి.

మూడోది పట్టికలు. నిలువు గీతలతో పట్టిక గీస్తే ఆర్గ్ మోడ్ గడులన్నీ సమానంగా సర్దుతుంది. తెలుగు పెట్టగానే గీతలు మెట్లమెట్లుగా జారిపోతాయి. అక్షరాలన్నీ ఒకే కొలత అనుకునే ప్రపంచం అది. ‘లక్ష్మి’ అన్న రెండక్షరాల పేరు కంప్యూటర్ లోపల ఏడు సంకేతాలు, ఫైలులో 21 బైట్లు, తెర మీద ఎంత వెడల్పో ఫాంటుని బట్టి. అక్షరాల లెక్కతో కాకుండా పిక్సెళ్ళ లెక్కతో గీతల్ని సర్దే వాలైన్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే కుదురుతుంది.

నాలుగోది కీబోర్డు. లినక్స్‌లో సిస్టమ్ కీబోర్డుని తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌కి మార్చి ఈమాక్స్‌లో ఒక ఆదేశం ఇవ్వబోతే, కంట్రోల్‌తో పాటు ఏదో తెలుగక్షరం నొక్కారు, అలాంటి ఆదేశం లేదు అంటుంది. దానికి ఈమాక్స్ లోపలే ఉన్న తెలుగు ఇన్‌పుట్ పద్ధతి వాడాలి. ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ రెండూ ఉన్నాయి. అప్పుడు రాసేది తెలుగులో పడుతుంది, ఆదేశాలు మామూలుగా పని చేస్తాయి.

ఇదంతా చదివి "ఇంత గొడవెందుకు?" అనిపించి ఉండాలి. ఆ ప్రశ్న సరైనదే. దానికి జవాబు మాత్రం "అందుకే వదిలేద్దాం" అవదు.

ఈ నాలుగు చిక్కుల్లో ఒక్కటి కూడా తెలుగు మీద ద్వేషంతో పుట్టలేదు. ఆ నియమం రాసినవాళ్ళ భాషలో విభక్తులు అతుక్కోవు, పొల్లు ఆపే అవసరం రాదు, అక్షరాలన్నీ ఒకే వెడల్పు గడుల్లో కూర్చుంటాయి. వాళ్ళ అనుభవమే డిఫాల్ట్ అయింది. డిఫాల్ట్ అంటే ఎవరో ఒకరు మనకంటే ముందు తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు మనం ఆ గదిలో లేము. ఇంగ్లీషులో రాసేవాడు "నేను సెట్టింగులేవీ ముట్టుకోను, ఉన్నది ఉన్నట్టు వాడతాను" అని గర్వంగా చెప్పుకోవచ్చు. అతనికి కావలసినవి అతని బదులు ఎప్పుడో ఎవరో సర్దేశారు. అదే మాట తెలుగులో రాసేవాళ్ళు అంటే, తమ వాక్యం విరిగినా పర్వాలేదని ఒప్పుకుంటున్నట్టు. విభక్తిని విడగొట్టి రాస్తారు. నవల పేరు తర్వాత ‘అనే నవలలో’ అని రెండు మాటలు ఎక్కువ పెడతారు. ట్యాగులు ఇంగ్లీషులో పెట్టుకుంటారు. కొన్నాళ్ళకి నోట్సే ఇంగ్లీషులో రాసుకోవడం మొదలవుతుంది. తెలుగులో సమీక్షలు రాసేవాళ్ళ నోట్‌బుక్కులు తిరగేస్తే లోపల ఎంత ఇంగ్లీషు ఉందో చూడండి. అదంతా మోజు వల్లే అనుకోను. అందులో కొంత ఘర్షణ లేని దారి వైపు జారిపోవడం.

ఇంకో సంగతి. సరైన పద్ధతిలో తెలుగు కనిపించడం కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. సంయుక్తాక్షరాల్ని కుదురుగా కూర్చే హార్ఫ్‌బజ్ అనే వ్యవస్థని ఈమాక్స్ 27వ కూర్పులో, 2020లో, తెచ్చుకుంది. ఈమాక్స్‌లో ప్రపంచ భాషల్లో నమస్కారాలు చూపించే ఒక చిన్న ఫైలు ఉంటుంది, అందులో తెలుగు వరుస ఒకటుంది. ఎవరో ఒకరు కూర్చుని చేరిస్తేనే అది వచ్చింది. చిక్కు కనబడ్డప్పుడు పట్టి చూసినవాళ్ళు, ఇది ఇలా ఎందుకుందని అడిగినవాళ్ళు ఉన్న భాషలకే సాఫ్ట్‌వేర్‌లో చోటు పెరుగుతుంది. "గొడవలు తెలీవు" అనేవాళ్ళ భాషకి పెరగదు.

ఇక చిక్కు విప్పే పద్ధతి గురించి. సాహిత్య విద్యార్థులకి ఇది పరాయిది అనుకోవడం నాకు వింతగా ఉంటుంది. తెలుగులో పరిష్కారం అంటే సమస్యకి జవాబు. పరిష్కరణ అంటే పాత ప్రతుల్ని పోల్చి, లేఖక దోషాల్ని తీసి, శుద్ధ పాఠాన్ని నిర్ణయించడం. రెండిటికీ మూలం ఒకటే. పంతొమ్మిదో శతాబ్దంలో సి.పి.బ్రౌన్ పండితుల్ని పెట్టి వేమన పద్యాల ప్రతుల్ని సేకరించి పోల్చి చూసినా, తర్వాతి కాలంలో వేటూరి ప్రభాకరశాస్త్రి తాళపత్రాలు తిరగేసినా, చేసింది ఇదే: ఈ తేడా ఎక్కడ మొదలైంది?

ఆర్గ్ మోడ్‌లో ఏదైనా చెడితే చేసేదీ అదే. ముందు మన సెట్టింగులేవీ లేకుండా ఈమాక్స్‌ని ఖాళీగా తెరిచి చూస్తాం. దానికో ఆప్షన్ ఉంది. అప్పుడు కూడా చిక్కు ఉంటే తప్పు మనది కాదు. చిక్కు పోతే, మన సెట్టింగుల ఫైలులో సగాన్ని పక్కన పెట్టి మళ్ళీ తెరుస్తాం. ఇంకా ఉందంటే దోషం మిగిలిన సగంలో, పోయిందంటే పక్కన పెట్టిన సగంలో. అందులో మళ్ళీ సగం. ఆరు వందల వరుసల ఫైలైనా పదిసార్లు తెరిచేసరికి ఆ ఒక్క వరుస దొరికిపోతుంది. ఆర్గ్ ఫైలులోనే రాత తప్పులుంటే వెతికిపెట్టే ఆదేశం వేరే ఉంది. ఏ కీ నొక్కితే ఏ ఫంక్షన్ నడుస్తుందో, దాని కోడ్ ఏ ఫైలులో ఉందో అడిగితే చూపిస్తుంది. ఇందులో ఇంజనీరింగ్ డిగ్రీ అవసరమైనది ఏదీ లేదు. ఓపిగ్గా చదవడం, రెండు ప్రతుల్ని పక్కపక్కన పెట్టి చూడడం, తొందరపడి తీర్పు చెప్పకపోవడం కావాలి. ఇవి సాహిత్యం నేర్పుతుందని మనం చెప్పుకునే గుణాలే కదా.

ఇప్పుడు అవతలి పక్షం. "సాధనం సర్దుకుంటూ కూర్చునేవాళ్ళు రాయరు" అన్న విమర్శలో నిజం ఉంది, దాన్ని దాటేయను. ఈమాక్స్ లోకంలో ఒక జబ్బు ఉంది. ఫాంటు మార్చడం, రంగులు మార్చడం, పనుల జాబితా పెట్టుకోవడం ఎలాగో చెప్పే వీడియోలు పనులు చేయడం మానేసి చూడడం. తన సెట్టింగుల ఫైలుని కావ్యంలా ప్రదర్శించేవాళ్ళు, ఆ ఫైలుతో రాసిన కావ్యం ఏదని అడిగితే నీళ్ళు నములుతారు. వాళ్ళని సమర్థించడానికి ఈ వ్యాసం రాయలేదు. కొత్తవాళ్ళు ఒక ప్రశ్న అడిగితే "మాన్యువల్ చదువు" అని కసురుకునే అహంకారం కూడా ఆ లోకంలో ఉంది. ఆ మాన్యువల్ ఇంగ్లీషులో ఉందన్న సంగతి వాళ్ళకి గుర్తుండదు.

నేను పాటించే గీటురాయి ఒకటే. వాక్యాన్ని ఆపుతున్న చిక్కుని వెంటనే విప్పాలి. కంటికి నచ్చనిదాన్ని వదిలేయాలి. విభక్తి విరుగుతోందంటే ఆ సాయంత్రం దానికే పోయినా పర్వాలేదు, ఎందుకంటే ఒకసారి సరిచేస్తే ఆ తర్వాత రాసే ప్రతి సమీక్షకీ అది పనికొస్తుంది. శీర్షిక పక్కన నక్షత్రం బదులు పువ్వు కనిపించాలన్న కోరికకి సాయంత్రం ఇవ్వనక్కర్లేదు. ఈ తేడా తెలియకపోవడం సాధనం తప్పు కాదు. కాగితం మీద రాసేవాళ్ళలో కూడా పెన్నులు కొంటూ కూర్చునేవాళ్ళు లేరా?

కాగితం సంగతి వచ్చింది కాబట్టి, కాగితంతో నాకు పేచీ లేదు. కుట్టు ఊడితే మనమే కుట్టుకుంటాం, పేజీ మధ్యలో ఏం రాయాలన్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ భాషైనా దానికి ఒకటే. నోట్‌బుక్కుకి ఉన్న ఆ గుణాలే కంప్యూటర్ మీద రాసేదానికి కూడా ఉండాలంటున్నాను. కాగితాన్ని పొగిడేవాళ్ళు ఆ తర్వాత వెళ్ళి తమ రాతంతా తాళం చెవి తమ దగ్గర లేని యాప్‌లో టైపు చేయడమే నాకు అర్థం కాదు.

ఆర్గ్ మోడే వాడాలని కూడా పట్టుబట్టను. మార్క్‌డౌన్ వాడండి, నిజానికి నక్షత్రాలతో బొద్దు చేసే చోట విభక్తి చిక్కు అందులో రాదు. కింది గీతలతో రాస్తే వస్తుంది. ఏది వాడినా మూడు ప్రశ్నలు అడగండి. ఈ యాప్ లేకుండా నా ఫైలు తెరుచుకుంటుందా? ఇది తెలుగుని విరగ్గొడితే, ఎందుకు విరిగిందో నేను చూడగలనా? చూశాక, మార్చగలనా? మూడిటికీ అవునని వస్తే ఏదైనా మంచిదే. మొదటిదానికే కాదని వస్తే, అది ఎంత అందంగా ఉన్నా పాత డీటీపీ ఫాంటుకి మనవరాలు.

"మాకు కోడ్ రాదు" అన్న అభ్యంతరం ఒకప్పుడు బలమైనది. ఇప్పుడు ఏ చాట్‌బాట్‌ని అడిగినా ఆ నాలుగు వరుసలు రాసిపెడుతుంది. కానీ ‘*పుస్తకం*లో’ బొద్దుగా రావాలి, ‘వెబ్‌పత్రిక’లో పొల్లు నిలబడాలి, ‘క్ష్మి’ ఒక్క అక్షరం అని దానికి చెప్పాల్సింది మనమే. తెలుగు ఎలా ఉండాలో తెలిసిన మనిషి అడిగితే తప్ప ఆ ప్రశ్న పుట్టదు. ఇప్పుడు కొరత కోడ్ రాసేవాళ్ళకి లేదు, ఇది తప్పుగా ఉందని గమనించి ఊరుకోనివాళ్ళకి ఉంది. బగ్ రిపోర్ట్ పంపే ఆదేశం ఆర్గ్ మోడ్ లోపలే ఉంది. ఏం చేశారు, ఏం రావాలనుకున్నారు, ఏం వచ్చింది - మూడు వాక్యాలు రాస్తే చాలు.

కాబట్టి రచయితలకి నా విన్నపం: మీ రాతలు మీ దగ్గర, సాదా టెక్స్ట్‌లో ఒక ప్రతి ఉంచుకోండి. ప్రచురణకర్తలకి: పుస్తకం అచ్చయ్యాక, దిద్దిన పాఠాన్ని యూనికోడ్‌లో రచయితకి తిరిగివ్వడం ఒప్పందంలో భాగం చేయండి. వెబ్ పత్రికల సంపాదకులకి: వాలు అక్షరాల పక్కన విభక్తి విరిగి కనిపిస్తే రచయిత వాక్యాన్ని మార్చకండి, సైటుని మార్చండి. ‘లో’ అన్న ఒక్క అక్షరం మాటకి అతుక్కుని ఉండాలని మన భాష ఎన్నో శతాబ్దాల కిందటే నిర్ణయించింది. దాన్ని విడదీసి రాయమని ఇవాళ ఒక డిఫాల్ట్ అడుగుతోంది. సరేననేముందు, మార్చడానికి వీలుందేమో ఒకసారి సెట్టింగుల్లో చూడండి.